నోడ్, డీనో, బన్: ఒకదాని కోడ్ మరొకదానిలో ఎంతవరకు నడుస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జావాస్క్రిప్ట్‌తో సర్వర్ పని చేసేవారి కోసం ఈ పేజీ. ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులు, పలాస జీడిపప్పు వ్యాపారులకు ఆర్డర్ల సైటు కట్టేవారు, పొందూరు ఖద్దరు ఆన్‌లైన్‌లో అమ్మిపెట్టేవారు, కాలేజీ ల్యాబ్ చూసుకునేవారు తరచు అడిగేవే ఇక్కడ ఉన్నాయి. కమాండ్లను, ఫ్లాగ్‌లను తెలుగు లిపిలో రాశాం. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి, ఫ్లాగ్ ముందు రెండు హైఫన్లు పెట్టాలి.

ఇంజిన్‌కీ రన్‌టైమ్‌కీ ఏటి తేడా?

జావాస్క్రిప్ట్ భాషను చదివి నడిపేది ఇంజిన్. గూగుల్ తయారుచేసిన వీ8, ఆపిల్ వెబ్‌కిట్‌లోని జావాస్క్రిప్ట్‌కోర్ అలాంటివి. అయితే ఇంజిన్‌కు ఫైలు తెరవడం రాదు, పోర్టు మీద వినడం రాదు. ఆ పనులన్నీ చేర్చి ఇచ్చేదే రన్‌టైమ్. నోడ్‌లో వీ8కి లిబ్‌యూవీ అనే లైబ్రరీ తోడై ఈ పనులు చూస్తుంది. డీనోలో వీ8కి రస్ట్ భాషలో రాసిన టోకియో అనే లైబ్రరీ తోడైంది. బన్ దారి వేరు: జావాస్క్రిప్ట్‌కోర్ తీసుకుని, చుట్టూ ఎక్కువ భాగాన్ని జిగ్ భాషలో రాశారు. భాష విషయంలో మూడూ దాదాపు ఒక్కటే. తేడాలన్నీ భాష బయట, రన్‌టైమ్ చేర్చిన భాగంలోనే పుడతాయి.

ఒకటి ఉండగా మూడు ఎందుకు వచ్చాయి?

ర్యాన్ డాల్ 2009లో నోడ్‌ను బయటపెట్టారు. 2018లో బెర్లిన్‌లో జరిగిన జేఎస్‌కాన్ఫ్ వేదిక మీద, నోడ్ రూపకల్పనలో తాను చింతిస్తున్న పది విషయాలను ఆయనే చెప్పి, డీనోను చూపించారు. అనుమతి లేకుండా ఫైళ్లు, నెట్‌వర్క్ ముట్టుకోనివ్వకపోవడం, టైప్‌స్క్రిప్ట్‌ను నేరుగా నడపడం, బ్రౌజర్‌లో ఉన్న ఏపీఐలనే సర్వర్‌లోనూ ఇవ్వడం దాని పట్టుదలలు. డీనో 1.0 2020 మేలో వచ్చింది. అయితే ఎన్‌పీఎం (నోడ్ ప్యాకేజీల భాండాగారం, వాటిని దించే సాధనం) ప్యాకేజీలు వాడలేని రన్‌టైమ్‌ను జనం పనిలో పెట్టలేదు. డీనో మెల్లగా దిగివచ్చి ఎన్‌పీఎంకు తలుపు తీసింది. 2024 అక్టోబర్‌లో వచ్చిన డీనో 2 ప్యాకేజ్ డాట్ జేసన్‌ను, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను చక్కగా గుర్తిస్తుంది.

జారెడ్ సమ్నర్ మొదలుపెట్టిన బన్ ఆ తప్పును ముందే తప్పించుకుంది. మొదటి రోజు నుంచీ నోడ్ స్థానంలో నేరుగా కూర్చోవడమే దాని లక్ష్యం. 1.0 2023 సెప్టెంబర్‌లో, విండోస్ మద్దతు 2024 ఏప్రిల్‌లో 1.1తో వచ్చాయి.

ఈ పోటీతో ఎక్కువ లాభపడింది నోడ్ వాడేవారే. సొంత టెస్ట్ రన్నర్, ఫెచ్, వాచ్ మోడ్, పాస్‌వర్డ్‌ల వంటి సెట్టింగులుండే ఎన్వ్ ఫైలు చదవడం, టైప్‌స్క్రిప్ట్ నడపడం వంటివన్నీ 2022 తర్వాత వరుసగా నోడ్‌లోకి చేరాయి. పదేళ్లపాటు ఒక్కోదానికి ఒక్కో ప్యాకేజీ దించుకున్న పనులవి.

కొత్తగా మొదలుపెడుతున్నాను. ఏది పెట్టుకోమంటారు?

నోడ్, అదీ ఎల్‌టీఎస్ వెర్షన్. సరి సంఖ్య వెర్షన్లకే దీర్ఘకాల మద్దతు ఉంటుంది. ప్రస్తుతం 24 తీసుకోండి, పాత ప్రాజెక్టు ఉంటే 22 చాలు (దాని మద్దతు 2027 ఏప్రిల్ వరకు). 18కి 2025 ఏప్రిల్‌లోనే గడువు ముగిసింది. 18 పెట్టుకోమనే వీడియో పాఠం ఇంకా కనిపిస్తే దాన్ని పక్కన పెట్టండి. నోడ్‌ను సైటు నుంచి నేరుగా దించకుండా ఎఫ్‌ఎన్‌ఎం లేదా ఎన్‌వీఎం అనే వెర్షన్లు మార్చే సాధనం ద్వారా పెట్టుకుంటే రెండు ప్రాజెక్టులకు రెండు వెర్షన్లు గొడవ లేకుండా నడుస్తాయి.

ల్యాబ్‌లో పాత కంప్యూటర్లున్నాయి. బన్ పెడితే "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అని ఆగిపోతోంది.

ఆ ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 అనే ఆదేశాల సమితి లేదు. బన్ మామూలు 64 బిట్ బిల్డ్‌కు అది కావాలి. ఇంటెల్‌లో 2013లో వచ్చిన హాస్‌వెల్ తరం నుంచి అది ఉంది. అంతకు ముందు వాటికి బన్ విడుదలల పేజీలో "బేస్‌లైన్" అని ఉన్న జిప్ దించుకోవాలి. కాస్త నెమ్మదిగా నడిచినా నడుస్తుంది. కొన్ని తక్కువ ధర పెంటియం, సెలెరాన్ చిప్‌లలో 2013 తర్వాత కూడా ఏవీఎక్స్2 లేదు. కాబట్టి కొన్న సంవత్సరాన్ని నమ్మకండి. లినక్స్‌లో ప్రాక్ ఫోల్డర్‌లోని సీపీయూఇన్ఫో ఫైలులో ఏవీఎక్స్2 అనే మాట ఉందో లేదో వెతకండి.

మిగతా అడ్డంకులూ ఇక్కడే చెప్పుకుందాం. డీనో, బన్ రెండూ 64 బిట్‌కే. 32 బిట్ విండోస్‌కు నోడ్ 22 వరకే బిల్డ్ దొరుకుతుంది, 23 నుంచి ఆపేశారు. బన్‌కు విండోస్ 10లో 1809 లేదా తర్వాతి వెర్షన్ ఉండాలి. విండోస్ 7కి నోడ్ 14 నుంచే మద్దతు లేదు. ఉబుంటు 18.04 మీద నోడ్ 18 గానీ ఆ పైది గానీ పెడితే జీలిబ్‌సీ (లినక్స్ ప్రోగ్రాములన్నీ ఆధారపడే సీ లైబ్రరీ) 2.28 కావాలని ఆగుతుంది, అందులో ఉన్నది 2.27. అక్కడ జీలిబ్‌సీని చేత్తో మార్చబోకండి, మొత్తం సిస్టం పడిపోతుంది. ఉబుంటునే కొత్తది వేయండి.

"నోడ్‌తో అనుకూలం" అని డీనో, బన్ రెండూ రాసుకుంటాయి. దాన్ని ఎంతవరకు నమ్మాలి?

ఆ మాటలో నాలుగు పొరలున్నాయి. ఒక్కో పొరలో ఒక్కో స్థాయి అనుకూలత ఉంటుంది.

మొదటిది మాడ్యూళ్ల పేర్లు. ఎఫ్‌ఎస్, పాత్, క్రిప్టో, హెచ్‌టీటీపీ లాంటివి రెండింటిలోనూ ఉన్నాయి. ఎక్స్‌ప్రెస్ సర్వర్, పోస్ట్‌గ్రెస్ డ్రైవర్, జేడబ్ల్యూటీ లాగిన్ వరకు వాడే సగటు ప్రాజెక్టు ఇక్కడే గట్టెక్కుతుంది.

రెండోది, ప్యాకేజీని వెతికి పట్టుకునే పద్ధతి. ఇక్కడ బన్ బాగా ఉదారంగా ఉంటుంది, చిక్కు కూడా అక్కడే. ఒకే ఫైలులో ఇంపోర్ట్, రిక్వైర్ రెండూ రాసినా ఒప్పుకుంటుంది. ఎక్స్‌టెన్షన్ రాయకపోయినా ఫైలు వెతికిపెడుతుంది. ఎన్వ్ ఫైలును అడగకుండానే చదువుతుంది. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ లేకపోతే ప్యాకేజీలను అప్పటికప్పుడు తనే దించుకుంటుంది. ఇవన్నీ అలవాటై రాసిన కోడ్‌ను క్లయింటు సర్వర్‌లో నోడ్ మీద పెట్టగానే వరుసగా కూలుతుంది: మాడ్యూల్ దొరకలేదంటుంది, డేటాబేస్ పాస్‌వర్డ్ అన్‌డిఫైన్డ్ అంటుంది. నోడ్ నుంచి బన్‌కు పోవడం కంటే బన్ నుంచి నోడ్‌కు తిరిగి రావడమే కష్టం. రెండు దారులూ తెరిచి ఉంచుకోవాలంటే మొదటి నుంచీ ఎక్స్‌టెన్షన్ పూర్తిగా రాయండి, నోడ్ మాడ్యూళ్లను "నోడ్:" అనే ముందుమాటతోనే ఇంపోర్ట్ చేయండి, బఫర్‌ను గ్లోబల్‌గా వాడకుండా ఇంపోర్ట్ చేసుకోండి. ఫైలున్న ఫోల్డర్ కావాలంటే ఇంపోర్ట్ డాట్ మెటా డాట్ డిర్‌నేమ్ మూడింటిలోనూ ఉంది, నోడ్‌లో 20.11 నుంచి.

మూడోది నేటివ్ ప్యాకేజీలు. దాని సంగతి కింద విడిగా ఉంది.

నాలుగోది డాక్యుమెంటేషన్‌లో లేని ప్రవర్తన. ఎర్రర్ సందేశమే చూడండి. లేని వస్తువులో గుణాన్ని చదవబోతే వీ8 "అన్‌డిఫైన్డ్ గుణాలను చదవలేను" అనే అర్థంలో ఒక వాక్యం చెబుతుంది, జావాస్క్రిప్ట్‌కోర్ "అన్‌డిఫైన్డ్ ఒక ఆబ్జెక్ట్ కాదు" అని వేరే వాక్యం చెబుతుంది. సందేశంలోని మాటలను పోల్చే టెస్టులు, లాగ్‌లో ఫలానా వాక్యం కనిపిస్తే మెసేజ్ పంపే అలారాలు బన్ మీద మౌనంగా పనిచేయడం మానేస్తాయి. ఎర్రర్ కోడ్‌నో, క్లాస్‌నో పోల్చండి. సెట్‌టైమ్‌అవుట్ నోడ్‌లో ఒక ఆబ్జెక్ట్ ఇస్తుంది, బ్రౌజర్‌లో అంకె ఇస్తుంది. దాని మీద అన్‌రెఫ్ పిలిచే కోడ్ ప్రతిచోటా నడుస్తుందనుకోకూడదు. సెట్‌ఇమీడియెట్ ముందా, సున్నా మిల్లీసెకన్ల సెట్‌టైమ్‌అవుట్ ముందా అన్న వరుస మీద ఆధారపడి ఏదీ రాయకండి.

2025 జనవరిలో వచ్చిన బన్ 1.2 నుంచి బన్ బృందం నోడ్ సొంత టెస్టులనే తమ రన్‌టైమ్ మీద నడిపించి సరిచూసుకుంటోంది. మంచి పద్ధతి, ప్రతి విడుదలకూ తేడా తగ్గుతోంది. అయినా మీ ప్రాజెక్టు విషయంలో నమ్మదగ్గ సాక్ష్యం మీ టెస్టులు మాత్రమే ఇవ్వగలవు.

నేటివ్ ప్యాకేజీలే ఎందుకు ఎక్కువ ఇబ్బంది పెడతాయి?

వాటిలో సీ++ లేదా రస్ట్‌లో రాసి కంపైల్ చేసిన ముక్క ఉంటుంది. అది రన్‌టైమ్‌తో మాట్లాడేందుకు రెండు దారులున్నాయి. పాత దారి వీ8 హెడర్లను నేరుగా పట్టుకోవడం. బన్‌లో అసలు వీ8 లేదు. వీ8 సీ++ ఏపీఐని కొంతమేర అనుకరించింది గానీ పూర్తిగా కాదు. బెటర్-ఎస్‌క్యూలైట్3 ఈ పాత దారిలో ఉన్నదే. బన్‌కు మారేవారు దాని బదులు బన్ సొంత ఎస్‌క్యూలైట్ మాడ్యూల్‌కు కోడ్ మార్చుకోవాలి. నోడ్‌లోనూ 22.5 నుంచి సొంత ఎస్‌క్యూలైట్ మాడ్యూల్ ఉంది, కానీ రెండింటి ఏపీఐ ఒకటి కాదు.

రెండో దారి నోడ్-ఏపీఐ, పాతపేరు ఎన్-ఏపీఐ. మైక్రోసాఫ్ట్ ఒకప్పుడు తన చక్రా ఇంజిన్ మీద నోడ్‌ను నడపాలని చూసింది. ఇంజిన్ ఏదైనా నేటివ్ ముక్క మళ్లీ కంపైల్ చేయనక్కర్లేకుండా నడవాలన్న అవసరం అప్పుడు గట్టిగా ముందుకొచ్చింది. చక్రా ప్రయత్నం ఆగిపోయినా 2017లో నోడ్ 8తో వచ్చిన ఆ ఏపీఐ నిలిచింది. ఈరోజు బన్, డీనో రెండూ దాన్ని అమలు చేస్తున్నాయి కాబట్టే షార్ప్ లాంటి బొమ్మల ప్యాకేజీలు వాటి మీద నడుస్తున్నాయి.

మీ ప్రాజెక్టులో ఎన్ని నేటివ్ ముక్కలున్నాయో తెలుసుకోవడం సులువు. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లో "డాట్ నోడ్" అని ముగిసే ఫైళ్లన్నీ వెతకండి, బైండింగ్ డాట్ జీవైపీ అనే ఫైళ్లనూ వెతకండి. ఒక్కటీ రాకపోతే సగం బెంగ తీరినట్టే. వచ్చినవాటికి శుద్ధ జావాస్క్రిప్ట్ ప్రత్యామ్నాయం ఉందేమో చూడండి. పాస్‌వర్డ్ హాష్‌కు బీక్రిప్ట్ బదులు బీక్రిప్ట్‌జేఎస్ వాడితే రన్‌టైమ్ గొడవే ఉండదు, హాష్‌ల రూపం ఒకటే కాబట్టి పాత వినియోగదారులు మళ్లీ పాస్‌వర్డ్ పెట్టుకోనక్కర్లేదు. నెమ్మదిగా ఉంటుంది, కానీ రోజుకు కొన్ని వందల లాగిన్‌లున్న సైటుకు ఆ తేడా కనబడదు.

ఆల్పైన్ డాకర్ ఇమేజ్‌లో ఇంకో మెలిక ఉంది. అందులో జీలిబ్‌సీ బదులు మజల్ ఉంటుంది. ఉబుంటులో దించిన నోడ్ మాడ్యూల్స్‌ను అందులోకి కాపీ చేస్తే నేటివ్ ముక్కలు తెరుచుకోవు. ఇమేజ్ లోపలే ఇన్‌స్టాల్ నడపండి, లేదంటే డెబియన్ స్లిమ్ ఇమేజ్ వాడండి.

ప్యాకేజీ దిగింది కానీ లోపల ఫైలు లేదంటోంది. ఎన్‌పీఎంతో ఈ గొడవ రాలేదు.

ప్యాకేజీ దిగాక దానంతటదే నడవాల్సిన పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టు నడిచి ఉండదు. ఎన్‌పీఎం చాలాకాలంగా ప్రతి ప్యాకేజీ స్క్రిప్టునూ మారుమాట లేకుండా నడుపుతూ వచ్చింది. బన్, డీనో అలా చేయవు. బన్‌లో ప్యాకేజ్ డాట్ జేసన్‌లోని ట్రస్టెడ్‌డిపెండెన్సీస్ జాబితాలో ఆ ప్యాకేజీ పేరు చేర్చి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. డీనోలో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అలౌ-స్క్రిప్ట్స్ ఫ్లాగ్‌తో ఆ ఒక్క ప్యాకేజీకి అనుమతి ఇవ్వాలి.

విసుగనిపించినా ఆ నిబంధన ఉండాల్సిందే. 2025 సెప్టెంబర్‌లో షాయ్-హులూద్ అనే పురుగు ఎన్‌పీఎం ప్యాకేజీల్లో వ్యాపించింది ఈ పోస్ట్‌ఇన్‌స్టాల్ దారిలోనే. డెవలపర్ల టోకెన్లు దొంగిలించి, వాటితో మరిన్ని ప్యాకేజీలకు అంటుకుంది. ఎన్‌పీఎం వాడేవారు కూడా ఇగ్నోర్-స్క్రిప్ట్స్ సెట్టింగ్ పెట్టుకుని, అవసరమైన ఒకటి రెండు ప్యాకేజీలనే రీబిల్డ్ చేసుకోవడం మేలు.

"బన్ రన్ డెవ్" కొట్టాను. నిజంగా బన్ మీదే నడుస్తోందా?

చాలాసార్లు కాదు. ఆ స్క్రిప్టు వీట్‌నో నెక్స్ట్‌నో పిలుస్తుంది. ఆ ఫైళ్ల మొదటి వరుసలో "నోడ్‌తో నడపండి" అని రాసి ఉంటుంది. బన్ ఆ మాటను గౌరవించి నోడ్‌కే అప్పగిస్తుంది. బన్ మీదే నడవాలంటే "బన్ రన్" తర్వాత బన్ అనే ఫ్లాగ్ కూడా ఇవ్వాలి. తేల్చుకోవడానికి ప్రాసెస్ డాట్ వెర్షన్ ప్రింట్ చేసి లాభం లేదు, బన్ అక్కడ తాను అనుకరిస్తున్న నోడ్ వెర్షన్‌నే చూపిస్తుంది. ప్రాసెస్ డాట్ వెర్షన్స్ లోపల బన్ అనే పేరు ఉందో లేదో చూడండి. బన్‌కు మారాం, ఏ తేడా రాలేదనే కొన్ని ప్రాజెక్టులు ఒక్కరోజు కూడా బన్ మీద నడిచి ఉండవు.

టైప్‌స్క్రిప్ట్ ఫైలును మూడూ నేరుగా నడుపుతాయా?

నడుపుతాయి, కానీ నోడ్ పద్ధతి వేరు. 22.18 నుంచి, 23.6 నుంచి ఫ్లాగ్ లేకుండానే నడుస్తుంది. టైపులున్న చోట ఖాళీలు పెట్టి మిగతాది యథాతథంగా నడుపుతుంది. అందుకే లైన్ నంబర్లు మారవు. అందుకే ఈనమ్, కోడ్ ఉన్న నేమ్‌స్పేస్, కన్‌స్ట్రక్టర్ పారామీటర్‌కు ముందు ప్రైవేట్ అని రాయడం కుదరవు. వాటికి టైపు చెరిపేస్తే చాలదు, కొత్త కోడ్ పుట్టించాలి. బన్, డీనో పుట్టిస్తాయి. టైప్‌స్క్రిప్ట్ 5.8లో వచ్చిన ఎరేజబుల్‌సింటాక్స్‌ఓన్లీ ఆప్షన్ ఆన్ చేస్తే ఎడిటర్‌లోనే ఎర్ర గీత పడుతుంది, తర్వాత ఆశ్చర్యం ఉండదు.

నోడ్ టీఎస్‌కాన్ఫిగ్ ఫైలును చదవదు, కాబట్టి పాత్స్‌లో పెట్టుకున్న ముద్దుపేర్లు పనిచేయవు. ఇంపోర్ట్‌లో డాట్ టీఎస్ అని పూర్తిగా రాయాలి. ఇంకొకటి: నడపడం వేరు, టైపులు తనిఖీ చేయడం వేరు. బన్, నోడ్ తనిఖీ చేయవు. డీనోలో "డీనో చెక్" ఉంది. మిగతా రెండింటికి టీఎస్‌సీని నోఎమిట్‌తో విడిగా నడపండి.

రిక్వైర్, ఇంపోర్ట్ గొడవ ఇంకా ఉందా?

బాగా తగ్గింది. నోడ్ 22.12 నుంచి ఈఎస్ మాడ్యూల్‌ను రిక్వైర్‌తో తెచ్చుకోవచ్చు. ఆ మాడ్యూల్‌లో టాప్ లెవెల్ అవెయిట్ ఉంటే మాత్రం కుదరదు. కొత్త ప్రాజెక్టుకు ప్యాకేజ్ డాట్ జేసన్‌లో టైప్‌ను మాడ్యూల్ అని పెట్టి ఇంపోర్ట్‌తోనే రాయండి.

బన్ ఎన్నో రెట్లు వేగమని గ్రాఫులు చూపిస్తారు. మా సైటు కూడా అంత వేగం అవుతుందా?

ఆ గ్రాఫులు తప్పు కాదు. అవి కొలిచేది ఖాళీ సమాధానం ఇచ్చే సర్వర్‌ను. మీ సైటులో ఒక రిక్వెస్ట్‌కు 42 మిల్లీసెకన్లు పడుతోందనుకోండి. అందులో 35 డేటాబేస్ కోసం ఎదురుచూపు, 2 నెట్‌వర్క్, 5 మాత్రమే జావాస్క్రిప్ట్ పని. రన్‌టైమ్ రెట్టింపు వేగమైనా మిగిలేది రెండున్నర మిల్లీసెకన్లు. ఆ క్వెరీకి సరైన ఇండెక్స్ పెడితే అంతకు ఎన్నో రెట్లు మిగులుతుంది. సర్వర్ అమెరికా తూర్పు తీరంలో ఉంటే ఆమదాలవలసలోనో బొబ్బిలిలోనో ఫోను పట్టుకున్న మనిషికి రానూపోనూ 200 మిల్లీసెకన్లు దాటుతుంది. అదే సర్వర్‌ను ముంబైకో హైదరాబాద్‌కో తెస్తే వచ్చే లాభాన్ని ఏ రన్‌టైమూ ఇవ్వలేదు.

బన్ వేగం నిజంగా కళ్లకు కనిపించేది వేరే చోట్ల. ప్యాకేజీల ఇన్‌స్టాల్ ఒకటి, చిన్న స్క్రిప్టులు మొదలయ్యే సమయం రెండు, టెస్టులు నడవడం మూడు. రోజంతా ఈ మూడూ చేసే డెవలపర్‌కు అదేమీ చిన్న సుఖం కాదు. సర్వర్‌లో నోడ్ ఉంచుకుని, ఇన్‌స్టాల్‌కు మాత్రం బన్ వాడినా తప్పులేదు.

మీరే కొలవాలంటే: ఒకే మెషిన్, ఒకే డేటాబేస్, నోడ్ ఎన్వ్ ప్రొడక్షన్. ఆటోకానన్ లేదా ఓహా అనే లోడ్ పరీక్ష సాధనం తీసుకుని, ఖాళీ రూట్ కాకుండా మీ సైటులో ఎక్కువమంది తెరిచే రూట్ మీద వదలండి. మొదటి 30 సెకన్ల ఫలితం పారేయండి, జిట్ (నడుస్తుండగానే కోడ్‌ను కంపైల్ చేసే భాగం) వేడెక్కే సమయం అది. తర్వాత 60 సెకన్ల చొప్పున అయిదుసార్లు. సగటు చూసి ఆగకండి, పీ99 (నూటికి 99 రిక్వెస్టులు ఎంతలోపు పూర్తయ్యాయో ఆ సమయం) చూడండి, ఆర్‌ఎస్‌ఎస్ (ప్రాసెస్ వాడుతున్న ర్యామ్) మెమరీ రాసుకోండి. లోడ్ వదిలే ప్రోగ్రామ్‌ను అదే మెషిన్‌లో నడిపితే అది కూడా సీపీయూ తింటుంది, వేరే మెషిన్ నుంచి వదలండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఉంచాలి.

డీనో అనుమతులు ఎలా వాడాలి? నోడ్‌లో అలాంటివి లేవా?

డీనోలో ఏదీ ఇవ్వకుండా నడిపితే ప్రోగ్రామ్ ఫైలు చదవలేదు, నెట్‌కు పోలేదు. అలౌ-నెట్‌కు హోస్టు, పోర్టు రాసి ఇవ్వండి. అలౌ-రీడ్‌కు ఒక్క ఫోల్డర్ ఇవ్వండి. అన్నీ అనుమతించే ఫ్లాగ్ పెట్టి వదిలేస్తే డీనో వాడి లాభం లేదు. అలౌ-రన్ ఇచ్చారంటే పుట్టిన ప్రాసెస్‌కు ఈ కట్టడి వర్తించదు, అక్కడ జాగ్రత్త. టెర్మినల్‌లో అయితే అనుమతి కావాలా అని అడుగుతుంది. సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులను నడిపే వ్యవస్థ) కింద అడిగేవారుండరు కాబట్టి నేరుగా ఎర్రర్ వస్తుంది.

నోడ్‌లోనూ పర్మిషన్ ఫ్లాగ్ ఉంది. ఫైళ్లు, చైల్డ్ ప్రాసెస్‌లు, వర్కర్లను కట్టడి చేస్తుంది. నోడ్ 24 వచ్చినప్పుడు అందులో నెట్‌వర్క్ కట్టడి లేదు. చెడ్డ కోడ్‌ను ఆపడానికి దాన్ని నమ్ముకోవద్దని నోడ్ పత్రాలే చెబుతున్నాయి. బన్‌లో ఇలాంటి కట్టడి ఏర్పాటు లేదు.

క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్ కూడా ఇంకో రన్‌టైమేనా?

అవును. వర్కర్‌డీ దాని పేరు, 2022లో సోర్స్ తెరిచారు. ఇంజిన్ వీ8 అయినా నోడ్ కాదు. నోడ్‌జేఎస్_కంపాట్ అనే ఫ్లాగ్ (హైఫన్ కాదు, అండర్‌స్కోర్; ముందు హైఫన్లు అక్కర్లేదు), కంపాటిబిలిటీ తేదీ 2024 సెప్టెంబర్ 23 లేదా తర్వాతిది పెడితే చాలా నోడ్ మాడ్యూళ్లు దొరుకుతాయి. నేటివ్ ముక్కలు అసలు నడవవు, నిలిచి ఉండే డిస్క్ లేదు, మెమరీ 128 ఎంబీ, ఉచిత ప్లాన్‌లో ఒక రిక్వెస్ట్‌కు 10 మిల్లీసెకన్ల సీపీయూ సమయం. ఎదురుచూపు ఆ లెక్కలోకి రాదు. పీడీఎఫ్ బిల్లులు తయారుచేసే పని అక్కడ పెట్టకండి.

తెలుగు అక్షరాలు, తేదీలు అన్నిట్లో ఒకేలా వస్తాయా?

లెంగ్త్ అన్నిట్లో ఒకటే. "శ్రీకాకుళం" లెంగ్త్ 10, "విజయనగరం" లెంగ్త్ 8. అవి కోడ్ యూనిట్లు, మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. పేరును 12 అక్షరాలకు కత్తిరించాలంటే ఇంటిల్ డాట్ సెగ్మెంటర్ వాడాలి, లేకపోతే గుణింతం మధ్యలో తెగుతుంది. అయితే "శ్రీ" లాంటి సంయుక్తాక్షరాన్ని ఒక ముక్కగా చూస్తుందా, రెండుగానా అనేది లోపలున్న ఐసీయూ, యూనికోడ్ వెర్షన్ల మీద ఆధారపడుతుంది. శ్రీకాకుళానికి 4 ముక్కలు రావాలని ఒక టెస్టు రాసి, మీరు వాడే ప్రతి రన్‌టైమ్ మీదా నడపండి. ఊళ్ల జాబితాను అకారాదిగా పేర్చడానికి ఖాళీ సార్ట్ బదులు "టీఈ" లొకేల్‌తో కొల్లేటర్ వాడండి. ఆల్పైన్ సొంత నోడ్ ప్యాకేజీలో తెలుగు లొకేల్ రాకపోతే ఐసీయూ-డేటా-ఫుల్ అనే ప్యాకేజీ చేర్చాలి.

తేదీల్లో పెద్ద ఉచ్చు ఒకటుంది. "బన్ టెస్ట్" టైమ్‌జోన్‌ను యూటీసీగా పెట్టి నడుపుతుంది. నోడ్ టెస్ట్ రన్నర్ మీ మెషిన్ టైమ్‌జోన్ వాడుతుంది. అర్ధరాత్రి నుంచి ఉదయం అయిదున్నర లోపు తేదీలున్న టెస్టులు ఒకదానిలో పాసై రెండోదానిలో ముందురోజు చూపిస్తాయి. తేదీ చూపించే ప్రతిచోటా ఆసియా/కోల్‌కతా అని రాసేయండి.

నడుస్తున్న ప్రాజెక్టును మార్చాలి. ఏ క్రమంలో?

ముందు ప్రస్తుత నోడ్ మీదే టెస్టులన్నీ పాస్ కావాలి. టెస్టులు లేని ప్రాజెక్టును మార్చే ఆలోచనే వద్దు, కనీసం లాగిన్, ఆర్డర్, చెల్లింపు దారులకు రాసుకోండి. కొత్త గిట్ బ్రాంచి తీయండి. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ పూర్తిగా తీసేసి, కొత్త రన్‌టైమ్‌తో ఇన్‌స్టాల్ చేయండి. పాత ఫోల్డర్ మీద కొత్తది పెడితే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక రెండు రోజులు పోతాయి. లాక్‌ఫైల్ ఒకటే ఉంచండి: ఎన్‌పీఎంది ప్యాకేజ్-లాక్, బన్‌ది బన్ డాట్ లాక్, డీనోది డీనో డాట్ లాక్. రెండు లాక్‌ఫైళ్లున్న ప్రాజెక్టులో ఇద్దరు డెవలపర్లకు రెండు వెర్షన్లు దిగుతాయి. బన్ పాత బైనరీ లాక్‌ఫైల్ ఉంటే 1.2 తర్వాతి టెక్స్ట్ రూపానికి మార్చండి, గిట్‌లో తేడా చదవగలుగుతారు.

తర్వాత పరికరాలు చూడండి. క్రోమ్ డెవ్‌టూల్స్‌తో నోడ్‌కు తగిలించే డీబగ్గర్ బన్‌కు నేరుగా తగలదు, దాని ఇన్‌స్పెక్టర్ వెబ్‌కిట్ పద్ధతిది. సర్వర్‌ను గమనించే ఏజెంట్లు నోడ్ లోపలి అసింక్ హుక్స్‌ను పట్టుకుని పనిచేస్తాయి. బన్‌లో అసింక్‌లోకల్‌స్టోరేజ్ ఉంది గానీ ఆ హుక్స్ పూర్తిగా లేవు. పీఎం2 క్లస్టర్ మోడ్ నోడ్ క్లస్టర్ కోసం కట్టింది, బన్‌కు సిస్టమ్‌డీ యూనిట్ రాసుకోవడం శుభ్రం. చివరగా, ఒక రోజు ట్రాఫిక్‌లో కొంత భాగాన్నే కొత్తదానికి మళ్లించి మెమరీ గ్రాఫ్ చూడండి. గంటలో కనబడని లీక్ రోజులో కనబడుతుంది. పాత సర్వర్‌ను కనీసం రెండు వారాలు తీయకండి.

మేం ప్యాకేజీ రాసి ఎన్‌పీఎంలో పెడుతున్నాం. అన్నిట్లో నడవాలంటే?

బ్రౌజర్ ప్రమాణాల్లో ఉన్నవే వాడండి: ఫెచ్, యూఆర్‌ఎల్, వెబ్ స్ట్రీమ్స్, వెబ్ క్రిప్టో, టెక్స్ట్‌ఎన్‌కోడర్, అబార్ట్‌కంట్రోలర్. సర్వర్ రన్‌టైమ్‌లన్నీ కనీసం ఇవి ఇవ్వాలని నిర్ణయించే బృందం 2022లో వింటర్‌సీజీగా మొదలై, తర్వాత ఎక్మా కింద టీసీ55గా మారింది. ఎగుమతుల్లో రన్‌టైమ్‌కో దారి పెట్టాల్సి వస్తే, ప్యాకేజ్ డాట్ జేసన్ ఎక్స్‌పోర్ట్స్‌లో వరుస ముఖ్యం: బన్, డీనో, వర్కర్‌డీ, నోడ్ ముందు, డిఫాల్ట్ చివర. పైనుంచి చదివి సరిపోయిన మొదటిదాన్నే తీసుకుంటారు కాబట్టి డిఫాల్ట్ పైన ఉంటే కిందవి ఎవరూ చూడరు. గిట్‌హబ్ యాక్షన్స్‌లో మూడు రన్‌టైమ్‌ల మీదా టెస్టులు పెట్టండి.

ఈ కంపెనీల్లో ఏదైనా మూతపడితే?

నోడ్ ఓపెన్‌జేఎస్ ఫౌండేషన్ కింద ఉంది, ఒక కంపెనీది కాదు. 2014 చివర్లో అయో.జేఎస్ పేరుతో చీలిక వచ్చినా 2015లో నోడ్ 4తో మళ్లీ కలిశారు. డీనో వెనుక పెట్టుబడి తీసుకున్న కంపెనీ ఉంది. బన్‌ను 2025 డిసెంబర్‌లో ఆంత్రోపిక్ కొనుగోలు చేసింది. ఎంఐటీ లైసెన్స్ కింద ఓపెన్ సోర్స్‌గానే కొనసాగుతుందని ప్రకటించారు. మూడింటి సోర్సూ తెరిచే ఉంది. మీ కోడ్‌లో బన్ డాట్, డీనో డాట్ అని మొదలయ్యే పిలుపులు ఎన్ని ఉంటే అంత మేర మీరు ఆ ఒక్కరికి కట్టుబడినట్టు. వాటిని ఒకే ఫైలులో పెట్టి, మిగతా కోడ్ ఆ ఫైలునే పిలిచేలా చేయండి.

నెట్ బాగా లేని చోట, తుఫాను రోజుల్లో ఇన్‌స్టాల్ ఎలా?

2018 అక్టోబర్ తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానంలో కరెంటు, నెట్‌వర్క్ రోజుల తరబడి లేవు. తీర ప్రాంతంలో పనిచేసేవారికి ఇది ఊహించని పరిస్థితి కాదు. ల్యాబ్‌లోగానీ ఆఫీసులోగానీ ఒక మెషిన్ మీద వెర్డాచ్చియో పెట్టండి. ఎన్‌పీఎంకు అది లోకల్ ప్రాక్సీ, మామూలుగా 4873 పోర్టు మీద వింటుంది. ఒకరు దించిన ప్యాకేజీని దాచి మిగతావారికి అక్కడి నుంచే ఇస్తుంది. ఎన్‌పీఎంఆర్‌సీ ఫైలులో రిజిస్ట్రీగా దాని చిరునామా రాస్తే మూడు రన్‌టైమ్‌లూ దాన్నే వాడతాయి. అరవై మెషిన్ల ల్యాబ్‌లో ఎక్స్‌ప్రెస్‌ను అరవైసార్లు దించే బాధ తప్పుతుంది. ఎన్‌పీఎంలో ప్రిఫర్-ఆఫ్‌లైన్ ఫ్లాగ్ ఉంది, ముందు కాష్ చూసి లేకపోతేనే నెట్‌కు పోతుంది. విండోస్‌లో దిగిన నోడ్ మాడ్యూల్స్‌ను పెన్‌డ్రైవ్‌లో తెచ్చి లినక్స్‌లో పెట్టడం మాత్రం పనికిరాదు, నేటివ్ ముక్కలు వేరు.

ఒకే మెషిన్‌లో మూడూ ఉంచుకోవచ్చా?

ఉంచుకోవచ్చు, ఒకదానికొకటి అడ్డురావు. కొత్త వెర్షన్‌కు "బన్ అప్‌గ్రేడ్", "డీనో అప్‌గ్రేడ్" చాలు, నోడ్‌కు ఎఫ్‌ఎన్‌ఎం. ప్రతి ప్రాజెక్టు రీడ్‌మీలో ఏ రన్‌టైమ్, ఏ వెర్షన్ అనేది మొదటి వరుసలో రాయండి. నోడ్‌కైతే డాట్ ఎన్‌వీఎంఆర్‌సీ ఫైలు పెట్టండి, ఫోల్డర్‌లోకి వెళ్లినప్పుడు ఎఫ్‌ఎన్‌ఎం దాన్ని చదివి వెర్షన్ మార్చుకుంటుంది. అందుకు ఎఫ్‌ఎన్‌ఎం ఎన్వ్‌కు యూజ్-ఆన్-సీడీ ఫ్లాగ్ ఒకసారి జోడించాలి.